అంతా పచ్చగానే ఉంది సార్!

ఫోను చేతిలోనే ఉందిగా? మ్యాపు తెరవండి. భద్రాచలం మీద వేలు పెట్టి ఈశాన్యానికి జరపండి. చింతూరు దాటండి. మనవాళ్ళు కుంట అని పిలుచుకునే కోంటా దాటండి. శబరి ఒడ్డున దోర్నాపాల్ వస్తుంది. అక్కడ ఎడమచేతి వైపు అడవిలోకి సన్నటి గీత ఒకటి పోతుంది. దాన్ని పట్టుకుని 56 కిలోమీటర్లు వెళ్తే జగర్గుండా. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా, కోంటా బ్లాకు. మీ వేలికి రెండు సెకన్ల పని. అదే దారిలో ఆ ఊరి రేషన్ బియ్యానికి ఒకప్పుడు నెలలకు నెలలు పట్టేది. ఆ సంగతి తర్వాత.

ఏం కనిపించింది? పచ్చ. ఎటు చూసినా పచ్చ. కళ్ళు చల్లబడే పచ్చ. ఉపగ్రహంలోంచి చూస్తే బస్తర్ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. ఇప్పుడు ఆ మ్యాపు మూసి ప్రభుత్వ డ్యాష్‌బోర్డు ఏదైనా తెరవండి. లక్ష్యం చేరితే పచ్చ, వెనకబడితే పసుపు, మునిగిపోతే ఎరుపు. మన అధికారుల చేతిలో పడ్డాక ఏ గడి ఎంతకాలం ఎర్రగా ఉంటుంది చెప్పండి? పైగా బస్తర్! అసలే అక్కడ ఎరుపంటే ఎవరికీ పడదు. సమీక్షా సమావేశం ఎలా జరుగుతుందో ఊహించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

"సార్, పిల్లల బరువుల గడి ఎర్రగా వచ్చింది సార్."

"పై వారం ఢిల్లీ వాళ్ళు చూస్తారయ్యా. ఏం చేద్దాం?"

"పిల్లలకు తిండి పెట్టాలి సార్."

"వారంలో బరువు పెరుగుతారా?"

"పెరగరు సార్. గడి రంగైతే ఇప్పుడే మారుతుంది సార్."

"అదీ! అలా రా దారికి."

ఇది ఊహే. ఎవరూ ఉలిక్కిపడక్కర్లేదు. ఉలిక్కిపడితే మాత్రం ఆ తప్పు నాది కాదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మన పెద్దలన్నారు. కామెర్లు కంటికొస్తే మందుంది. కుర్చీకొస్తే?

నిజానికి ఈ రోజుల్లో పేదరికాన్ని దాచడం ఎంత కష్టమో తెలుసా? 2011లో అమెరికా వాళ్ళు సువోమి అనే ఉపగ్రహాన్ని ఎగరేశారు. ఏ రాత్రి ఎక్కడ దీపం వెలిగిందో, ఎక్కడ వెలగలేదో అది ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలు ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. హైదరాబాద్ నిప్పుల కుంపటిలా ఉంటుంది. విశాఖ తీరం ధగధగలాడుతుంది. బైలాడిల్లా ఇనుప కొండల కింద కిరండుల్, బచేలీ టౌన్‌షిప్పులు మిణుకుమంటాయి. ఆ కొండలు దిగి దక్షిణానికి వస్తే చీకటి చిక్కబడుతుంది. 2016లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. పైకప్పులు, రోడ్లు, పొలాల ఫొటోలు చూపించి ఇక్కడివాళ్ళు ఎంత పేదలో చెప్పమని యంత్రానికి నేర్పారు. ఆఫ్రికాలోని ఐదు దేశాల్లో అది దాదాపు సరిగ్గానే చెప్పింది. 2022లో బర్కిలీ పరిశోధకులూ మెటా కంపెనీ వాళ్ళూ కలిసి వంద పైచిలుకు దేశాలను 2.4 కిలోమీటర్ల గళ్ళుగా కోసి, గడి గడికీ కలిమిలేములు కట్టి, అందరి ముందూ పెట్టారు. సెల్ టవర్లు, ఫోన్ల వాడకం కూడా ఆ లెక్కలో ఆధారాలే. ఎవడూ లైక్ కొట్టని చోట లేమి ఎక్కువని ఫేస్‌బుక్ వాడు తేల్చాడన్నమాట. నవ్వొస్తుంది. తప్పు మాత్రం పట్టలేం.

మరి కాలిఫోర్నియాలో కూర్చున్నవాడి కంటికి ఆనింది మన కలెక్టరేటు కిటికీలోంచి ఆనదేం? దూరదృష్టి ఉన్న ప్రభుత్వాలు కదా మనవి! దగ్గరివి కనిపించకపోవడమే ఆ జబ్బు లక్షణం.

పేదల పటం గీయడం కొత్తేం కాదు. 1889లో లండన్‌లో చార్లెస్ బూత్ అనే షావుకారు వీధి వీధికీ మనుషుల్ని పంపి, ఇల్లిల్లూ లెక్క రాయించి, నగరం పటానికి రంగులు పూయించాడు. ధనవంతుల వీధులకు పసుపు. కటిక పేదల వీధులకు నలుపు. ఆ నలుపు రంగు పక్కన ఏమని రాశాడు? దుర్మార్గులు, సగం నేరగాళ్ళు అని. అన్నం లేనివాడు నేరగాడెలా అయ్యాడని పటం చెప్పలేదు. రంగు పూసేశాక అడిగేవాడెవడు? నూటపాతికేళ్ళకు పైనే గడిచాయి. నలుపు పోయి ఎరుపొచ్చింది. రెడ్ కారిడార్ అన్నారు. లోపలున్న మనిషి మారాడా? వాడి గిన్నెలోకి గంజి వచ్చిందా? వాడిప్పటికీ సగం నేరగాడే. మిగతా సగం లబ్ధిదారుడు.

ఇంతకీ జగర్గుండా పుట్టు పేద ఊరేమీ కాదు. 2005కు ముందు అది చుట్టుపక్కల ఊళ్ళకంతా సంత. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు గంపలతో జనం దిగేవాళ్ళు. వ్యాపారుల లారీలొచ్చేవి. బడి ఉండేది. బ్యాంకూ చూసిన ఊరే. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. గోండీలో ఆ మాటకు శుద్ధి వేట అని అర్థమంటారు తెలిసినవాళ్ళు. ప్రభుత్వం శాంతియాత్ర అని అనువదించింది. అనువాదంతోనే మొదలైంది మోసం. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి మనుషుల్ని శిబిరాల్లో కుక్కారు. జగర్గుండా అలాంటి ఒక శిబిరమైంది. చుట్టూ ముళ్ళతీగ. వెళ్ళాలన్నా రావాలన్నా గేటు. అవతల మావోయిస్టులు రోడ్లు తవ్వారు, కల్వర్టులు పేల్చారు, బడులు కూల్చారు. ఇవతల సర్కారు తీగ బిగించింది. ఇద్దరూ ప్రజల కోసమే చేశారట! ఆ ప్రజలు మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు, వందలాది జవాన్ల కాపలా నడుమ వచ్చే రేషన్ బండ్ల కోసం ఎదురు చూశారు. ఉప్పుకు, బియ్యానికి అంత సైన్యం! పెళ్ళివారికి కూడా అంత మర్యాద జరగదు.

2006లో నేలమట్టమైన బడి 2019 జూన్‌లో తెరుచుకుంది. పదమూడేళ్ళు. మూతపడ్డ ఏడు పలక పట్టుకోవాల్సిన ఆరేళ్ళ పిల్లకు బడి తెరిచే వేళకు పందొమ్మిదేళ్ళు. 2025 మేలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ తెరిచారు. చరిత్రాత్మకం అన్నారు. అవును మరి. దాచిన గొడుగును ఇరవై వానాకాలాలు పోయాక తిరిగిచ్చి, దానం చేశాం చప్పట్లు కొట్టండంటే చరిత్రాత్మకం కాక ఏమవుతుంది?

ఇక్కడే అంకెల సొగసు చూడాలి. నీతి ఆయోగ్ దగ్గర బహుముఖ పేదరిక సూచీ ఉంది. 12 కొలతలు. తిండి, చదువు, వంట చెరకు, తాగునీరు, కరెంటు, ఇల్లు... బ్యాంకు ఖాతా కూడా. మంచి కొలతలే. తీసిపారేయను. ఇందులో ముళ్ళతీగకు గడి ఎక్కడుంది? పదమూడేళ్ళు బడి లేకపోతే చదువు గడిలో ఒక చుక్క పడుతుంది. ఎవరివల్ల లేదో ఏ గడిలో రాస్తారు? పేదరికాన్ని వాన పడ్డట్టో, ఎండ కాసినట్టో కొలుస్తారు. అదెవడో చేసిన పని అని ఒప్పుకుంటే మరో పేరు రాయాల్సి వస్తుంది కదా!

2018 జనవరిలో దేశంలోని 112 వెనకబడ్డ జిల్లాలకు కొత్త పేరు పెట్టారు. ఆకాంక్షిత జిల్లాలు. అందులో సుక్మా ఒకటి. వెనకబాటు పోయిందా? పేరు పోయింది. 49 సూచికలు పెట్టి డెల్టా ర్యాంకు అని నెల నెలా పరుగు పందెం మొదలెట్టారు. డెల్టా అంటే గోదావరి డెల్టా అనుకునేరు! పోయిన నెలకన్నా ఎంత ఎగబాకారన్న లెక్క. బావి అడుగున ఉన్నవాడు ఒక మెట్టెక్కితే ర్యాంకు. నేలమీదికి ఎప్పుడొస్తావని అడగకూడదు. 2011 జనగణనలో సుక్మా అక్షరాస్యత 35 శాతం లోపు. ఆ తర్వాత? ఆ తర్వాత జనగణనే లేదు. 2021లో జరగాల్సింది జరగలేదు. పదిహేనేళ్ళ నాటి తలల లెక్క మీద ఈ నెల ర్యాంకు! మా తాత జాతకం చూసి నాకు పెళ్ళి ముహూర్తం పెట్టినట్టుంది.

కరెంటు సంగతికొస్తే, 2018 ఏప్రిల్ 28న దేశంలోని ప్రతి ఊరికీ విద్యుత్తు చేరిందని ఢిల్లీ ప్రకటించింది. సంబరాలు, ట్వీట్లు, శాలువాలు. ఆ మాటకు అర్థం తెలుసా? ఊళ్ళో పదింట ఒక ఇంటికి దీపం వెలిగితే ఊరంతా వెలిగినట్టే లెక్క. తొమ్మిది ఇళ్ళు పదో ఇంటి వెలుగు చూసి తృప్తిపడాలి. పోనీ, అదైనా నిజమా? 2025 జనవరిలో సుక్మా పక్కనున్న బీజాపూర్ జిల్లా చిల్కాపల్లికి తొలిసారి కరెంటొచ్చిందని అదే ప్రభుత్వాలు ఫొటోలతో సహా ప్రకటించుకున్నాయి. మరి 2018లో వెలిగిన ప్రతి ఊరిలో ఈ ఊరు ఎక్కడికి పోయింది? ఒకే ఊరికి రెండుసార్లు బారసాల చేస్తే రెండుసార్లూ పిలుపు అందుకున్నవాళ్ళం మనం. ఆకాశంలోని సువోమి మాత్రం రెండు వేడుకలకూ రాలేదు. చీకటిని చీకటనే రాసుకుంటూ పోయింది. దానికి ప్రమోషన్ల గొడవ లేదు కదా.

కుళాయి కథా ఇంతే. 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద మాట ఇచ్చారు. 2024కల్లా ఇంటింటికీ కుళాయి అని. 2025 బడ్జెట్‌లో గడువును 2028కి జరిపారు. జరపండి, మేం ఎదురుచూడ్డం కొత్తా? డ్యాష్‌బోర్డులో మాత్రం ఊరి పేరు కొడితే కుళాయిల సంఖ్య ఠక్కున వస్తుంది. దాంట్లో ఇవాళ పొద్దున నీళ్ళొచ్చాయా అని అడిగి చూడండి. నేతి బీరకాయలో నెయ్యి అడిగినట్టే.

ఉపాధి హామీ కూలీల హాజరు యాప్ గుర్తుందా? 2023 జనవరి 1 నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాల్సిందేనన్నారు. దొంగ హాజరు పడుతోందట, అవినీతిని అరికడతారట. సిగ్నలు కోసం కొండెక్కిన మేస్త్రీని అడిగితే తెలుస్తుంది ఎవరిని అరికట్టారో. 2025 జూలైలో ఢిల్లీ శాఖే ఒక సర్క్యులర్ వదిలింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారట. ఫొటోను ఫొటో తీసి పంపిస్తున్నారట! ఏమి తెలివి, తస్సాదియ్యా! పనిచేసిన కూలికి సిగ్నలు లేక హాజరు పడదు. పనికి రాని ఫొటోకు పడుతుంది. ఈ దేశంలో మనిషిగా పుట్టేకన్నా ఫొటోగా పుట్టడం మేలేమో.

ఇక ఆ సన్నటి గీత దగ్గరికొద్దాం. దోర్నాపాల్–జగర్గుండా రోడ్డు. ఈ గీత వెంట పేర్లు చదవండి. పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్. సగం పేర్లు తెలుగులా వినిపిస్తున్నాయి కదూ! వార్తల్లోనూ విన్నారు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది బలగాలవాళ్ళు చనిపోయారు. 2017 ఏప్రిల్ 24న ఈ రోడ్డు పనికి కాపలా కాస్తూ బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ప్రాణాలు వదిలారు. వాళ్ళూ ఎక్కడో కరువు పల్లెల పిల్లలే. ఆ దాడి కేసులో 121 మంది ఆదివాసులను పట్టుకెళ్ళారు. చాలామందిని దాదాపు ఐదేళ్ళు జైల్లో ఉంచారు. 2022 జూలైలో కోర్టు నిర్దోషులంది. లెక్క మీరే వేయండి. 121 మంది, ఐదేళ్ళ చొప్పున. దగ్గరదగ్గర ఆరువందల ఏళ్ళు! అశోకుడి కాలమో, కాకతీయుల కాలమో చెబుతున్నట్టుంది కదా. ఆ ఆరువందల ఏళ్ళలో దున్నని మడి, ఏరని ఇప్పపువ్వు, ఎత్తుకోని పిల్లలు... ఏ డ్యాష్‌బోర్డులో ఏ సూచిక కింద వేశారు? రోడ్డు ఎన్ని కిలోమీటర్లయిందో మాత్రం దశాంశ స్థానాలతో సహా ఉంటుంది.

2024 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నియద్ నెల్లానార్ అనే పథకం తెచ్చింది. మీ మంచి ఊరు అని గోండీలో అర్థం. పేరు ముద్దుగా ఉంది. ఇల్లు, నీరు, రేషన్, అంగన్‌వాడీ అన్నీ ఇస్తారట. ఎవరికి? మొదలుపెట్టినప్పుడు పెట్టిన కొలత వినండి. భద్రతా బలగాల క్యాంపు నుంచి ఐదు కిలోమీటర్ల లోపు ఊళ్ళకు! లోకంలో ఎక్కడైనా ఆసుపత్రి నుంచి ఇంటికి ఎంత దూరమని కొలుస్తారు. బడి నుంచి కొలుస్తారు. ఇక్కడ తుపాకీ నుంచి కొలిచారు. కంపాసు ముల్లు క్యాంపులో గుచ్చి గిర్రున సున్నా చుట్టారు. సున్నా లోపల పౌరుడు. బయట? ఆరో కిలోమీటరు బిడ్డకు ఆకలి వేయదా? మలేరియా దోమ ఐదు కిలోమీటర్ల రాయి దగ్గర ఆగిపోతుందా? ఇచ్చిన బియ్యాన్ని, వేసిన పైపును తప్పుపట్టడం లేదు. ఆ ఊళ్ళకు అందింది అందినట్టే. కానీ, 1950 నుంచి రాజ్యాంగం మొత్తం దేశానికి ఒకటే గీత గీసింది. లోపల ఇంకో సున్నా గీసే హక్కు ఎవడిచ్చాడు?

ఇప్పుడు పక్కనున్న కొండ చూడండి. బైలాడిల్లా. 1968 నుంచి అక్కడి ఇనుప ఖనిజం విశాఖ రేవుకు రైల్లో దిగుతోంది. జపాన్ దాకా పోయింది. ఆ కొండలోని ఖనిజం ముద్దలకు నంబర్లున్నాయి. డిపాజిట్ 5, డిపాజిట్ 10, 11సి, 13, 14. ఏ ముద్దలో ఎంత ఇనుముంది, ఎన్ని అడుగుల లోతులో ఉంది, నాణ్యత ఎంత, అన్నీ చెబుతారు. భూమి లోపల చీకట్లో ఉన్నదానికి చిరునామా ఉంది! భూమి మీద ఎండలో నిలబడ్డ మనిషి పారాకు మ్యాపులో పేరు లేదు. పారా అంటే మన గూడెం లాంటిది. ఒక్కో పంచాయతీకి నాలుగైదు పారాలు, మధ్యన వాగులు. మ్యాపులో వాటి మీద వేలు పెట్టి చూడండి. చాలాచోట్ల పచ్చే తగులుతుంది. 2019 జూన్‌లో డిపాజిట్ 13 తవ్వొద్దని వేలాది ఆదివాసులు కొండ కింద రోజుల తరబడి కూర్చున్నారు. ఆ నందరాజ్ కొండ వాళ్ళకు దేవుడు. మ్యాపులో దేవుడికి నంబరు పడింది. భక్తుడికింకా పడలేదు.

ఇదంతా ఛత్తీస్‌గఢ్ గొడవ, మనకేం అంటారా? ఆగండి. మీ వంటింట్లో కారం డబ్బా ఉందిగా.

జుడుం రోజుల్లో ఊళ్ళు తగలబడ్డప్పుడు వేలాది కుటుంబాలు శబరి దాటి, గోదావరి దాటి మనవైపు వచ్చేశాయి. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం అడవుల్లో, ఇటు చింతూరు వైపున గుడిసెలు వేసుకున్నాయి. మనం వాళ్ళకో పేరు పెట్టాం. గొత్తికోయలు. వాళ్ళను అడిగితే మురియా అంటారు, కోయతూర్ అంటారు. అడిగిందెవరు? అక్కడ షెడ్యూల్డ్ తెగ. ఏరు దాటితే ఎస్టీ సర్టిఫికెట్ లేదు. నదిలో మునిగి లేస్తే పాపం పోతుందంటారు, వీళ్ళకు కులం పోయింది! పాతికవేలంటాడొకడు, యాభైవేలంటాడొకడు. మనిషికి తెలిసిన లెక్క ఒక్కటీ లేదు.

అటవీ శాఖ దగ్గర మాత్రం లెక్క ఉంది. పక్కాగా ఉంది. ఉపగ్రహ చిత్రాలు తెచ్చి పరుస్తారు. ఇదిగో, 2005లో ఇక్కడ చెట్లున్నాయి. ఇదిగో, ఇప్పుడు పోడు ఉంది, గుడిసె ఉంది. కాబట్టి ఆక్రమణ. అటవీ హక్కుల చట్టం గడువు తేదీ 2005 డిసెంబర్ 13. ఆ రోజుకు భూమి దున్నుతూ ఉండాలి. జుడుం మొదలైంది 2005 జూన్‌లో. ఆ డిసెంబర్‌కు వీళ్ళు ఎక్కడున్నారు? కొందరు ముళ్ళతీగ లోపల, కొందరు అడవిలో పరుగులో. ప్రభుత్వమే ఇల్లు ఖాళీ చేయించి, ప్రభుత్వమే తేదీ పెట్టి, ఆ తేదీన ఇంట్లో లేవెందుకని ప్రభుత్వమే అడుగుతోంది! ఆ చెట్ల ఫొటోలు తీసిన ఉపగ్రహమే అప్పుడు తగలబడ్డ ఊళ్ళ మీదుగా కూడా పోయింది. ఆ బూడిద ఫొటోలు ఎవరు పరిచారు? ఎవరి ముందు పరిచారు? తాటాకు గుడిసె కనిపించేంత చురుకైన కంటికి కాలిన ఊరు ఆనలేదా? సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. దాని వల్ల పారిపోయినవాడు చట్ట విరుద్ధమని మన రేంజి ఆఫీసులు ఇప్పటికీ తేలుస్తూనే ఉన్నాయి.

మీ కారం డబ్బాలోకి మిర్చి కోసిపెట్టేవాళ్ళది ఇంకో కథ. సంక్రాంతి వెళ్ళాక బస్తర్ నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో, కాలినడకన వస్తారు. ములుగు, ఖమ్మం, భద్రాద్రి చేలల్లో పరదా డేరాల కింద ఉంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. కన్నాయిగూడెం మిర్చి చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి పన్నెండేళ్ళ పిల్ల ఒకతి తోటివాళ్ళతో నడక పట్టింది. మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు దగ్గరపడుతుండగా ప్రాణం వదిలింది. ఆ సెప్టెంబర్‌లో పార్లమెంటులో అడిగారు. దారిలో చనిపోయిన వలస కూలీలు ఎందరు? కార్మిక శాఖ జవాబు చెప్పింది. అలాంటి డేటా లేదు!

డేటా లేదు. గమనించారా? మీరు రాత్రి పదింటికి ఏ హోటల్ బిర్యానీ తెప్పించుకున్నారో డేటా ఉంది. డెలివరీ కుర్రాడు ఏ సందులో ఉన్నాడో చుక్క కదులుతూ చూపిస్తుంది. దేశమంతా నడిచినప్పుడు మాత్రం చుక్కలు లేవు. లెక్క ఉంటే పరిహారం ఇవ్వాలి. లెక్క లేకపోతే సంతాపంతో సరిపోతుంది. కాకి లెక్కలని ఎందుకంటారో ఏమో. కాకి నయం, తోటి కాకి చస్తే పదింటిని పోగేసి అరుస్తుంది.

మన రాష్ట్రాలేమైనా తక్కువ తిన్నాయా? తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతా ఇంట్లో కూర్చోబెట్టి సమగ్ర కుటుంబ సర్వే చేశారు. ప్రపంచంలో ఎవరూ చేయలేదన్నారు. ఆ తర్వాతి ఏళ్ళలో కంప్యూటర్ జల్లెడ పట్టి లక్షల రేషన్ కార్డులు ఎగరగొట్టారు. ఇంటికెళ్ళి అడిగారా? కంప్యూటరే చెప్పిందిగా! సుమారు 19 లక్షల కార్డులను మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రలో రియల్ టైం పాలన అని గోడ నిండా తెరలు బిగించారు. ఏ వీధి దీపం ఆరిందో అమరావతి నుంచి చెబుతారట. పాడేరు మన్యంలో నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తున్న దృశ్యం ఆ గోడమీదికి ఎప్పుడూ రాలేదేం? అది రావాలంటే ఓ కుర్రాడు సెల్‌ఫోన్లో తీసి, కొండెక్కి సిగ్నలు పట్టి, వాట్సాప్‌లో పంపాలి. ఆ తర్వాత టీవీలో రావాలి. అప్పుడు అధికారులు స్పందిస్తారు. రియల్ టైం అంటే అదన్నమాట.

ఎద్దు పుండు కాకికి ముద్దని సామెత. జగర్గుండా మీద ఇవాళ ఎన్ని కాకులో చూడండి. ఉపగ్రహం పైనుంచి, డ్రోను పక్కనుంచి, యాప్ కిందినుంచి. వేలిముద్ర తీసుకున్నారు, కనుపాప తీసుకున్నారు, ముఖం తీసుకున్నారు. బస్తర్ మనిషి నుంచి చింతపండు తర్వాత ఎక్కువగా ఎగుమతయ్యే సరుకు డేటాయే. చింతపండుకైనా ఇంత ఉప్పు పెట్టేవాళ్ళు పాతకాలం షావుకార్లు. దీనికేం పెట్టారు?

ఢిల్లీలో మాత్రం ఒక పటం చాలా వేగంగా మారుతోంది. నక్సల్ ప్రభావిత జిల్లాల పటం. 2014లో 126 జిల్లాలు. 2025 అక్టోబర్‌కు 11. తీవ్ర ప్రభావమున్నవి మూడే. బీజాపూర్, నారాయణపూర్, సుక్మా. 2026 మార్చి 31కి మొత్తం తుడిచేస్తామని హోంమంత్రి గడువు పెట్టారు. తుపాకులు ఆగిపోతే ఏడ్చేవాడెవడూ లేడు. అందరికన్నా ముందు ఊపిరి పీల్చుకునేది జగర్గుండాయే. నా అనుమానమల్లా ఒకటే. ఎరుపు ఉన్నన్నాళ్ళూ బడి ఎందుకు లేదంటే నక్సలైట్లు అన్నారు. వైద్యుడు ఎందుకు లేడంటే నక్సలైట్లు. నీళ్ళెందుకు లేవంటే నక్సలైట్లు. ఎరుపు తుడిచేశాక ఎవరి పేరు చెబుతారు? అక్కడ ఏ రంగు పూస్తారు? చెప్పనక్కర్లేదు. పచ్చే.

దేశం మళ్ళీ తలలు లెక్కపెట్టబోతోంది. ఈసారి అంతా డిజిటల్. కాగితం ఉండదు, ఫోన్లోనే. లెక్కకు ఆధారమైన ఘడియ కూడా గెజిట్‌లో వేసేశారు. 2027 మార్చి 1, సున్నా గంటలు. ఫిబ్రవరిలో ఇంటింటికీ వస్తారు. ఫిబ్రవరి, మార్చి అంటే మనకు మిర్చి కోతల కాలం. ఆ అర్ధరాత్రి సుక్మా, బీజాపూర్ పారాల్లో ఎన్నో తడికలు మూసి ఉంటాయి. ఆ ఇళ్ళవాళ్ళు మన చేల గట్లమీద, పరదాల కింద నిద్రపోతూ ఉంటారు. అక్కడివాడు వెళ్ళి మనిషి లేడని రాసుకుంటాడు. ఇక్కడివాడు వీళ్ళు మన ఊరివాళ్ళు కాదని రాసుకోకుండా వెళ్తాడు. రెండు ఫోన్లలోనూ పని పూర్తయినట్టు పచ్చ టిక్కు పడుతుంది.

గణకుడు మీ ఊరికొచ్చినప్పుడు టీ ఇచ్చి పంపేయకండి. చెయ్యి పట్టుకుని మిర్చి చేను చివరిదాకా తీసుకెళ్ళండి.